22 ఏళ్ళు నిండాక తలకి దెబ్బ తగిలితే...

ఫినియస్ గేజ్ కథ చాలామంది వినే ఉంటారు. సైకాలజీ పుస్తకం ఏది తెరిచినా ఉంటాడు. 1848 సెప్టెంబరులో అమెరికాలోని వెర్మాంట్‌లో రైలుదారి కోసం కొండ పేలుస్తుండగా మూడున్నర అడుగుల ఇనప గడ్డపార ఒకటి అతని చెంపలోంచి దూరి నడినెత్తిలోంచి బయటికొచ్చింది. మనిషి బతికాడు. కానీ మనిషి మారిపోయాడు. మెదడు ముందుభాగానికీ మన ప్రవర్తనకీ ఉన్న సంబంధం గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా ఇతన్ని లాక్కొస్తారు. అతని పుర్రె, ఆ ఇనప కడ్డీ ఇప్పటికీ హార్వర్డ్ మెడికల్ స్కూలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి.

సరే, మెదడు సంగతి అందరూ చెప్తారు. ఆ తర్వాత పన్నెండేళ్ళు ఆ మనిషి ఎక్కడున్నాడు, ఎవరు చూసుకున్నారు అన్నది మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. నాకు అసలు చరిత్ర అక్కడే ఉందనిపిస్తుంది.

పాత కంపెనీ వాళ్ళు మేస్త్రీ ఉద్యోగంలోకి మళ్ళీ తీసుకోలేదు. న్యూయార్క్‌లో బార్నమ్ మ్యూజియంలో కొన్నాళ్ళు జనం చూడ్డానికి నిలబడ్డాడు. తర్వాత ఒక గుర్రాల శాలలో పని చేశాడు. 1852లో చిలీ దేశం వెళ్ళి అక్కడ దాదాపు ఏడేళ్ళు గుర్రబ్బండి తోలాడు. చివరికి ఆరోగ్యం చెడిపోయి, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న తల్లి దగ్గరికి చేరాడు. 1860లో మూర్ఛలొచ్చి అక్కడే పోయాడు. మొత్తం సపోర్ట్ సిస్టమ్ అంటే ఇదీ: ఒక ఎగ్జిబిషను, ఒక గుర్రాల శాల, ఒక తల్లి.

ఇందులో ఒక విశేషముంది. చిలీలో బండి తోలడమంటే రోజూ ఒకే దారి, ఒకే టైము, ఒకే రకం పనులు ఒకే వరసలో. గుర్రాలకి మేత, జీను, ప్రయాణికులు, సామాన్లు. అలా బయటినుంచి ఒక క్రమం దొరకబట్టే అతను అన్నేళ్ళు నిలదొక్కుకున్నాడని తర్వాతి కాలంలో గేజ్ జీవితాన్ని తవ్విన చరిత్రకారులు కొందరు అంటారు. మెదడులో ప్లానింగ్ చేసే ముక్క పోయింది, ఆ పని బయటి ప్రపంచం చేసిపెట్టింది. మన భాషలో చెప్పాలంటే షెడ్యూలర్‌ని ఔట్‌సోర్స్ చేశారన్నమాట.

ఈ సూత్రాన్ని మొదటిసారి కావాలని, ఒక పద్ధతిలో వాడి చూసింది జర్మనీలో, మొదటి ప్రపంచయుద్ధం టైములో. తలలో తూటా దిగినా బతికి బయటపడ్డ సైనికులు కుప్పలు తెప్పలుగా వెనక్కి వస్తున్నారు. చూస్తే చాలామందికి కాళ్ళూ చేతులూ బాగానే ఉంటాయి, పని మాత్రం చెయ్యలేరు. 1916లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కర్ట్ గోల్డ్‌స్టైన్ అనే డాక్టరు వీళ్ళకోసమే ఒక సంస్థ మొదలుపెట్టాడు. అడెమార్ గెల్బ్ అనే సైకాలజిస్టు అక్కడ ప్రయోగశాల చూసుకునేవాడు. ఆసుపత్రి, ప్రయోగశాల, బడి, వర్క్‌షాపు అన్నీ కలిపి నడిపారు. ప్రయోగశాలలో పెట్టే పరీక్ష మాత్రమే చాలదు, మనిషి పని చేస్తుండగా చూడాలి అన్నది ఆయన పట్టు.

గోల్డ్‌స్టైన్ గమనించిన వాటిలో రెండు సంగతులు ఇవాళ్టికీ పనికొస్తాయి. ఒకటి, మెదడు దెబ్బతిన్న మనిషికి తన శక్తికి మించిన పని ఇస్తే ఆ పని తప్పుగా చెయ్యడంతో ఆగదు. మనిషంతా కుప్పకూలిపోతాడు. చెమటలు, కోపం, ఏడుపు, గందరగోళం. దీనికాయన కెటాస్ట్రాఫిక్ రియాక్షన్ అని పేరు పెట్టాడు. రెండు, ఇలాంటి గండం రాకుండా ఆ మనిషి తన ప్రపంచాన్ని తనే కుదించుకుంటాడు. వస్తువులు ఎక్కడివక్కడ ఉండాలి, చోటు మారిస్తే తట్టుకోలేడు. చూసేవాళ్ళకది చాదస్తంలా కనిపిస్తుంది. నిజానికి అది మిగిలిన మెదడుతో బతకడానికి అతను కట్టుకున్న గోడ. అంటే తలకి దెబ్బ తగిలిన మనిషికి ఇల్లనేది వైద్యం అయిపోయాక వచ్చే విషయం కాదు. వైద్యంలో సగం ఇల్లే.

ఆ ఫ్రాంక్‌ఫర్ట్ తలుపు తెరుచుకుంది మాత్రం యుద్ధంలో గాయపడ్డవాళ్ళ కోసం. గోల్డ్‌స్టైన్ యూదుడు. 1933లో నాజీలు బెర్లిన్‌లో ఆయన్ని అరెస్టు చేసి, దేశం వదిలి పోతానంటేనే వదిలారు. ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా 1935లో అమెరికా చేరాడు. ఆయన అనుభవం 1942లో ఇంగ్లీషు పుస్తకంగా వచ్చింది. అప్పటికి రెండో యుద్ధం నడుస్తోంది. మళ్ళీ సైనికులే.

మామూలు జనం ఈ కథలోకి పెద్ద సంఖ్యలో వచ్చింది 1970లలో. కారణం చాలా సింపుల్. అంతకుముందు బతకనివాళ్ళు బతకడం మొదలుపెట్టారు. 1971లో లండన్‌లో మొదటి సీటీ స్కాన్ తీశారు. (దాన్ని తయారుచేసింది ఈఎంఐ కంపెనీ, బీటిల్స్ పాటల రికార్డులు అమ్మిందీ వాళ్ళే.) 1974లో గ్లాస్గో డాక్టర్లు టీస్‌డేల్, జెనెట్ కలిసి కోమా ఎంత లోతుగా ఉందో నెంబర్లలో చెప్పే స్కేలు ఇచ్చారు. ఇప్పటికీ మన క్యాజువాలిటీల్లో 'జీసీఎస్ ఎంత?' అని అడిగేది అదే. మరుసటేడు జెనెట్ ఇంకో డాక్టరుతో కలిసి, చివరికి మనిషి ఏ స్థితిలో తేలాడో చెప్పే స్కేలు కూడా తెచ్చాడు. అందులో ఒక గడి ఉంది: స్పృహ ఉంది, కానీ రోజువారీ బతుక్కి ఇంకొకరి మీద ఆధారపడాలి. 1970ల వైద్యం ఈ గడిలోకి జనాన్ని పంపుతూ పోయింది. ఆ గడిలో ఉన్నవాళ్ళు రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది ఏ స్కేలూ చెప్పలేదు.

అమెరికాలో మాసచూసెట్స్ రాష్ట్రానికి చెందిన మెరిలిన్ ప్రైస్ స్పివాక్ అనే తల్లికి ఈ ప్రశ్న సొంత ఇంట్లోనే ఎదురైంది. 1975లో కారు ప్రమాదంలో కూతురి తలకి దెబ్బ తగిలింది. ఆసుపత్రి తర్వాత ఏంటి అని తిరిగి తిరిగి, జవాబు దొరక్క, 1980లో భర్తతో కలిసి నేషనల్ హెడ్ ఇంజురీ ఫౌండేషన్ పెట్టింది. ఇంగ్లండులో హెడ్‌వే అనే సంస్థ అప్పటికి ఒక్క ఏడాది ముందే పుట్టింది. రెండు దేశాల్లోనూ ఒకే ఈడు సంస్థలు, రెండింటి వెనకా కుటుంబాలే.

ఇంతకీ వాళ్ళకి ఎక్కడా ఎందుకు చోటు దొరకలేదు? అప్పటికే అమెరికాలో గ్రూప్ హోములున్నాయి. నలుగురైదుగురు ఒక మామూలు వీధిలో మామూలు ఇంట్లో ఉండటం, తోడుగా సిబ్బంది ఉండటం. కానీ అవి ఎక్కువగా పుట్టుకతోనో చిన్నతనంలోనో వచ్చిన వైకల్యాలున్నవాళ్ళకోసం కట్టినవి. ఫెడరల్ చట్టంలో 'డెవలప్‌మెంటల్ డిజబిలిటీ' అన్న మాటకి 1970లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం అది 18 ఏళ్ళలోపు మొదలవ్వాలి. 1978లో దాన్ని 22 చేశారు. ఇరవైమూడో ఏట బైకు మీంచి పడ్డవాడికి ఆ నిర్వచనంలో చోటు లేదు. పిచ్చాసుపత్రి వాళ్ళు ఇది మానసిక రోగం కాదంటారు. మిగిలింది నర్సింగ్ హోము, అంటే మన దగ్గర ఊరి మధ్యలో ఉండే చిన్న ఆసుపత్రి కాదు, అమెరికాలో ముసలివాళ్ళు ఆఖరి రోజులు గడిపేది. పాతికేళ్ళవాడు ఎనభై ఏళ్ళవాళ్ళ మధ్య.

ప్రోగ్రామింగ్‌లో ఎనమ్ రాసినప్పుడు చివర్లో 'అదర్' అని ఒక విలువ పెడతాం కదా, తెలియనివన్నీ అందులో పడేయడానికి. అమెరికన్ నర్సింగ్ హోము ఆ 'అదర్' అయ్యింది.

దీని వెనక డబ్బు లెక్క ఒకటుంది, అది చూడకపోతే కథ అర్థం కాదు. పేదవాళ్ళకీ వికలాంగులకీ వైద్యానికి డబ్బిచ్చే మెడికెయిడ్ పథకంలో, అర్హత ఉన్నవాళ్ళకి నర్సింగ్ హోము ఒక హక్కు. రాష్ట్రం కాదనడానికి లేదు. అదే మనిషి ఇంట్లోనో గ్రూప్ హోములోనో ఉంటానంటే అది 'వెయివర్'. 1981లో వచ్చిన చట్టం ప్రకారం రాష్ట్రానికి ఇష్టమైతేనే పెడుతుంది, ఎన్ని సీట్లో అదే నిర్ణయిస్తుంది. ఆ ఏడాదే అయొవా రాష్ట్రానికి చెందిన కేటీ బెకెట్ అనే మూడేళ్ళ పిల్ల కథ బయటికొచ్చింది. నెలల పిల్లగా ఉన్నప్పుడు మెదడుకి వచ్చిన ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రిలోనే పెరుగుతోంది. ఇంటికి తీసుకెళ్తే ఖర్చు తగ్గుతుంది, కానీ తీసుకెళ్తే మెడికెయిడ్ పోతుంది. ప్రెసిడెంట్ రీగన్ ప్రెస్ కాన్ఫరెన్సులోనే ఈ విడ్డూరం గురించి మాట్లాడాడు. పిల్ల ఇంటికెళ్ళింది. అందరి కోసమూ రీగన్ మాట్లాడడు కదా, మిగతావాళ్ళు కోర్టుకెళ్ళాల్సి వచ్చింది.

1990లో వికలాంగుల హక్కుల చట్టం ఏడీఏ వచ్చింది. 1999లో ఓమ్‌స్టెడ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఒక పెద్ద మాట చెప్పింది: బయట సమాజంలో బతకగలిగిన మనిషిని, అతనికి ఇష్టమై, వైద్యులు సరేనన్నాక కూడా అనవసరంగా సంస్థలో బంధించి ఉంచడం వివక్షే. ఆ కేసు జార్జియాకి చెందిన ఇద్దరు స్త్రీలది, మెదడు దెబ్బల కేసు కాదు. దాన్ని మెదడు దెబ్బలకి వర్తింపజేసిన కేసుల్లో నాకు బాగా నచ్చినది మాసచూసెట్స్‌ది. అందులో మొదటి పేరు కేథీ హచిన్సన్.

ఆవిడ్ని మీలో చాలామంది యూట్యూబులో చూసే ఉంటారు, పేరు తెలియకపోవచ్చు. 1996లో బ్రెయిన్‌స్టెమ్ స్ట్రోక్ వచ్చి మెడ కింద కదలిక పోయింది, మాట పోయింది. బుర్ర మాత్రం పాదరసంలా ఉంది. కళ్ళ కదలికలతో అక్షరాలు చూపించి మాట్లాడేది. 2005లో బ్రెయిన్‌గేట్ వాళ్ళు ఆవిడ మెదడులో 96 ఎలక్ట్రోడ్ల చిప్ ఒకటి పెట్టారు. 2011 ఏప్రిల్లో కేవలం ఆలోచనతో ఒక రోబో చెయ్యిని కదిలించి, కాఫీ సీసా నోటి దగ్గరికి తెచ్చుకుని, స్ట్రాతో తాగింది. ఆరుసార్లు ప్రయత్నిస్తే నాలుగుసార్లు కుదిరింది. స్ట్రోక్ తర్వాత దాదాపు పదిహేనేళ్ళకి తనంతట తాను తాగడం అదే మొదలు. 2012లో నేచర్ పత్రికలో పేపర్ వచ్చింది, ఆ నవ్వు ప్రపంచమంతా చూసింది.

అదే కేథీ హచిన్సన్, చిప్ పెట్టించుకున్న రెండేళ్ళకి, 2007లో అప్పటి గవర్నర్ డెవాల్ పాట్రిక్ మీద ఫెడరల్ కోర్టులో కేసు వేసింది. రాష్ట్ర బ్రెయిన్ ఇంజురీ అసోసియేషన్ కూడా కలిసింది. నన్నూ నాలాంటి వేలమందినీ నర్సింగ్ హోముల్లో పెట్టారు, మేం బయట ఉండగలం, ఉండాలనుకుంటున్నాం అన్నది ఫిర్యాదు. కదల్లేని, మాట్లాడలేని మనిషి. రోబో చేతి వీడియోకి కోట్ల కళ్ళు పడ్డాయి. ఈ కేసు సంగతి మన ఫీల్డులో ఎవరినడిగినా తెలియదంటారు. నా లెక్కలో ఆ చిప్ కంటే ఈ కేసే పెద్ద ఇంజనీరింగు.

2008లో రాష్ట్రం రాజీకొచ్చింది. ఒప్పందంలో కొంత భాగం ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే అనుమతుల మీద ఆధారపడింది, అది అనుకున్నట్టు జరగలేదు, 2013లో మళ్ళీ రాసుకున్నారు. మొత్తమ్మీద 2010 నుంచి మెదడు దెబ్బతిన్న పెద్దవాళ్ళకోసం రెండు వెయివర్లు మొదలయ్యాయి. ఒకటి రోజంతా మనిషి తోడుండే ఇంట్లో ఉండేవాళ్ళకి, రెండోది అంత అవసరం లేనివాళ్ళకి.

చేరడానికి పెట్టిన షరతులు చూడండి. దెబ్బ 22 ఏళ్ళు లేదా ఆ పైన తగిలి ఉండాలి. అంటే 1978 నాటి నిర్వచనం ఎక్కడ ఆగిపోయిందో సరిగ్గా అక్కడ తలుపు పెట్టారు. గోడకి ఏ చోట కన్నం ఉందో ఆ కొలతకే కోసిన చెక్క. ఇక రెండో షరతు: అప్పటికి కనీసం 90 రోజులుగా నర్సింగ్ హోములోనో దీర్ఘకాల ఆసుపత్రిలోనో ఉండి ఉండాలి. కేసు వేసింది అక్కడున్నవాళ్ళని బయటికి తేవడానికి కాబట్టి ఈ షరతు ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. కానీ ఇంట్లో తల్లి చూసుకుంటున్న కొడుకు సంగతి ఆలోచించండి. సరైన చోటికి వెళ్ళాలంటే ముందు తప్పుడు చోట మూడు నెలలు గడపాలి. బగ్ ఫిక్స్ చేస్తూ ఇంకో బగ్ చెక్-ఇన్ చేశారంటే ఇదే.

ఆ పైన ఒక అంచనా ఉంటుంది. ఈ మనిషికి నర్సింగ్ హోము స్థాయి సహాయం అవసరమా, అవసరమైతే దాన్ని బయట ఇంట్లో భద్రంగా ఇవ్వగలమా? రెంటికీ అవుననాలి. మరీ బాగున్నా దొరకదు, మరీ బాగోకపోయినా దొరకదు. కుటుంబాలకిది నరకం. డాక్టరు ముందు 'మావాడు అన్నీ చేసుకుంటాడండీ' అని గొప్పగా చెప్పుకునే అమ్మ ఆ రోజు మాత్రం ఏమేం చేసుకోలేడో వరసపెట్టి చెప్పాలి. అదీ వాడి ముందే.

లోపలికెళ్ళాక ఉండే హక్కులు కూడా చిన్నవి కావు. ఇలా మెడికెయిడ్ వెయివర్ల డబ్బుతో నడిచే ఇళ్ళకి 2014లో ఫెడరల్ ప్రభుత్వం రూల్స్ పెట్టింది. గదికి తాళం ఉండాలి. అద్దె ఒప్పందం లాంటిది ఉండాలి, ఊరికే పొమ్మనకూడదు. ఎప్పుడు ఆకలేస్తే అప్పుడు తినొచ్చు. ఇష్టమైనవాళ్ళు ఎప్పుడైనా రావొచ్చు. చదవడానికి ఇవి రాయాల్సిన సంగతులా అనిపిస్తాయి. ఎవరో ఒకచోట తాళం లేకుండా, రాత్రి ఆకలితో పడుకోబట్టే కదా రాయాల్సొచ్చింది.

అక్కడున్న మనవాళ్ళకి ఒక మాట. మెడికెయిడ్ లేకపోతే ఈ వెయివర్ లేదు. హెచ్‌వన్‌బీ మీద ఉన్నవాళ్ళకి ఎమర్జెన్సీకి తప్ప ఫెడరల్ మెడికెయిడ్ దొరకదు. 1996 చట్టం పుణ్యమా అని గ్రీన్‌కార్డు వచ్చినా మామూలుగా అయిదేళ్ళు ఆగాలి. ఆఫీసులో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ అప్పుడు 'లాంగ్ టర్మ్ డిజబిలిటీ' అన్న గడి దగ్గర రెండు సెకన్లు కూడా ఆగకుండా కిందికి స్క్రోల్ చేసేవాళ్ళు ఒకసారి పైకి స్క్రోల్ చెయ్యండి.

ఇహ మన దేశం. మనకి ఆ 22 లేదు గానీ అదే గోడ వేరే మాటల్లో ఉంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం నాలుగు రకాల వైకల్యాలకి: ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మెంటల్ రిటార్డేషన్, బహుళ వైకల్యాలు. ఇందులో మెంటల్ రిటార్డేషన్ అంటే మనసు ఎదుగుదల ఆగిపోవడం లేదా పూర్తికాకపోవడం. పెద్దవాళ్ళ గ్రూప్ హోముల కోసం ట్రస్టు పెట్టిన 'ఘరౌందా' పథకమూ ఈ నలుగురికే. పూర్తిగా ఎదిగి, డిగ్రీ చేసి, ముప్పై ఏళ్ళకి ఔటర్ రింగు రోడ్డు మీద దెబ్బ తగిలినవాడి మనసు ఎదుగుదల ఎప్పుడూ ఆగలేదు కదా. మామూలుగా చదివితే ఆ తలుపు అతనిది కాదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలు చెప్పింది. అందులో మెదడు దెబ్బ అని విడిగా పేరు లేదు. చెయ్యీ కాలూ పడిపోతే ఆ చేతికీ కాలికీ సర్టిఫికెట్ వస్తుంది. మాట పోతే మాటకి వస్తుంది. అన్నీ ఉండి, స్టవ్ వెలిగించి మర్చిపోయేవాడికి, ఎవరడిగితే వాళ్ళకి ఓటీపీ చెప్పేసేవాడికి ఏ గడి? 2017 మానసిక ఆరోగ్య చట్టంలో మానసిక రోగం నిర్వచనంలో జ్ఞాపకశక్తి, వివేచన దెబ్బతినడం కూడా ఉంది కాబట్టి అటువైపు నుంచి దూరొచ్చు. ఆ చట్టం హాఫ్‌వే హోముల గురించీ చెప్పింది. కాకపోతే మా అబ్బాయికి పిచ్చి అని ముందు మనమే ఒప్పుకోవాలి.

ఇల్లు సంగతి తర్వాత, సంతకం సంగతి చూడండి. జీతం అకౌంటు అతని పేర, ఫ్లాటు లోను అతని పేర, పీఎఫ్ అతని పేర. ముందుచూపుతో భార్య పేర పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చినా, రాసిచ్చినవాడికి మతిస్థిమితం పోతే మన కాంట్రాక్టు చట్టం ప్రకారం ఆ పవరూ పోతుంది. సరిగ్గా అవసరమైన రోజునే చెల్లదన్నమాట. కోమాలో ఉన్నవాళ్ళకి గార్డియన్‌ని పెట్టే చట్టమేదీ లేదని గమనించి 2019లో కేరళ హైకోర్టు తనే మార్గదర్శకాలు రాసింది. మామూలు కుటుంబం బ్యాంకు సంతకం కోసం హైకోర్టు దాకా వెళ్ళి రిట్ వెయ్యాలి.

మరి రోడ్డు ప్రమాదమైతే పరిహారం వస్తుంది కదా అంటారు. వస్తుంది. 2020లో సుప్రీంకోర్టు ఒక కేసు తేల్చింది. 2007లో ట్రాక్టరు గుద్ది తలకి తీవ్రమైన దెబ్బ తగిలిన పన్నెండేళ్ళ పిల్లది. పన్నెండేళ్ళకి పైగా పట్టింది. కోర్టు మంచి మనసుతో, కింది కోర్టులు ఇచ్చినదాన్ని బాగా పెంచి 62 లక్షల 27 వేలు ఇచ్చింది. అందులో చూసుకునే మనుషుల ఖర్చు ఎలా కట్టారంటే: ఇద్దరు మనుషులు, ఒక్కొక్కరికి నెలకి 5,000, ఏడాదికి పన్నెండు నెలలు, వయసుని బట్టి మల్టిప్లయర్ 18. మొత్తం 21 లక్షల 60 వేలు. 26 నుంచి 30 ఏళ్ళ మధ్యవాళ్ళకైతే ఆ మల్టిప్లయర్ 17, 31 నుంచి 35 దాకా 16. అలా తగ్గుతూ పోతుంది.

ఆ లెక్కలో ఇల్లనే ఐటం లేదు. ఉన్న ఇంట్లోనే, అమ్మానాన్నల దగ్గరే ఉంటుందన్నది అందులో దాగున్న ఊహ. అమ్మకి డెబ్భై దాటాక ఏ ఇంటికి దరఖాస్తు పెట్టుకోవాలో కోర్టు చెప్పలేదు. చెప్పడానికి అలాంటి ఇల్లేదీ చట్టంలో లేదు మరి.